ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారసత్వంలో స్మారక పతకాలు, గౌరవ బిరుదులు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల చరిత్ర రచనలో చట్టాలకు, భవనాలకు, ఉపకులపతుల పాలనాకాలాలకు, శాఖల విస్తరణకు దక్కినంత స్థానం స్నాతకోత్సవ వేదిక మీద చేతులు మారే చిన్న లోహపు బిళ్లకు దక్కలేదు. పతకాన్ని ప్రతిభకు గుర్తుగా మాత్రమే చూడటం ఇందుకు ఒక కారణం. నిజానికి స్మారక పతకం ఒకే వస్తువులో ముగ్గురిని కలుపుతుంది. నిధి సమకూర్చిన దాత ఒకరు, ఎవరి పేరు నిలవాలని ఆ దానం జరిగిందో ఆ స్మరణీయ వ్యక్తి ఒకరు, దాన్ని గెలుచుకొన్న విద్యార్థి ఒకరు. మొదటివారు గతానికి, మూడవవారు భవిష్యత్తుకు చెందినవారు కాగా, నడుమనున్న పేరు ఆ రెంటికీ వంతెన. ఆ పేరు ఎవరిదో తెలియకుండా పోయిన రోజున పతకం స్మారకం కాకుండా పోతుంది.

1926 ఏప్రిల్ 26న ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నూరేళ్ల చరిత్రను ఆధారంగా చేసుకొని, తెలుగునాట పతకానికీ గౌరవ బిరుదుకూ ఉన్న పూర్వరూపాలను, వలస పాలనలో అవి పొందిన మార్పును, విశ్వకళాపరిషత్తు వాటికి ఇచ్చిన కొత్త అర్థాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి దూరంగా, చెరకు పొలాల నడుమ ఉన్న చోడవరం వంటి పట్టణం దృష్టితో చూసినప్పుడు ఈ గౌరవ చిహ్నాల విలువ మరింత స్పష్టమవుతుంది.

పతకం అనే మాట

సంస్కృత ‘పదకం’ నుండి వచ్చిన ‘పతకం’ అనే మాటకు తెలుగులో తొలి అర్థం కంఠహారంలో వేలాడే రత్నఖచితమైన ఆభరణం. అది దేవుడి వక్షస్థలం మీదనో, రాజు మెడలోనో, సంపన్న గృహిణి హారంలోనో ఉండేది. పరీక్షకూ దానికీ సంబంధం లేదు. ఈ పాత అర్థానికి విశాఖ ప్రాంతంలోనే ప్రసిద్ధమైన నిదర్శనం ఉంది. కళింగ దండయాత్ర సందర్భంగా 1516లో సింహాచలానికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు వరాహ నరసింహస్వామికి సమర్పించిన ఆభరణాలను అక్కడి శాసనం పేర్కొంటుంది. ముత్యాల కంఠమాల, వజ్రపు కడియాలు, శంఖచక్రపతకం వాటిలో ఉన్నాయి. రాయల పచ్చల పతకాన్ని గూర్చి ఆ ప్రాంత ప్రజలు నేటికీ చెప్పుకొంటారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. రాజు ఇచ్చిన ఆభరణం దేవుడిదైంది, దాని వార్త మాత్రం రాతి మీద రాజుదిగా నిలిచింది. వస్తువు ఒకరికి, కీర్తి మరొకరికి చెందే ఈ విభజనే తర్వాతి కాలపు స్మారక పతకానికి మూలసూత్రమైంది. విశ్వవిద్యాలయ పతకాన్ని గెలిచిన విద్యార్థి ఇంటికి తీసుకువెళతాడు, దాని మీద చెక్కిన పేరు మాత్రం అతనిది కాని మరొకరిది.

కవిపండితులను గౌరవించడంలోనూ తెలుగువారికి తమవైన చిహ్నాలు ఉండేవి. శ్రీనాథునికి ప్రౌఢదేవరాయల సభలో జరిగిన కనకాభిషేకం, అల్లసాని పెద్దన పాదానికి రాయలు తొడిగినట్లు చెప్పే గండపెండేరం సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధాలు. ఇవి పాండిత్యానికి దక్కిన గౌరవాలే అయినా ఒక ప్రభువు ఇష్టానికి, ఒక సభకు, ఒక దినానికి పరిమితమైనవి. ఏటేటా అదే నియమంతో, ముందుగా తెలియని వ్యక్తికి దక్కే గౌరవం రాజసభకు పరిచితం కాదు. దానికి మూలాన్ని సభలో కాక దేవాలయంలో వెదకవలసి ఉంటుంది.

అఖండదీపం నుండి శాశ్వతనిధి దాకా

మధ్యయుగ ఆంధ్ర దేశంలోని దేవాలయ శాసనాల్లో అధిక భాగం అఖండదీప దానాలను గూర్చినవే. దాత కొన్ని గొర్రెలనో, ఆవులనో, బంగారు నాణేలనో ఆలయానికి ఇచ్చేవాడు. వాటి నుండి వచ్చే నేతితో లేదా రాబడితో దీపం ఆరకుండా వెలగాలి. మూలం తరగకూడదు, ఫలం మాత్రమే వాడాలి. శాసనాల్లో కనిపించే ‘ఇనుపయెడ్లు’ అనే మాట ఈ భావాన్నే చెబుతుంది. చచ్చిపోయిన గొర్రె స్థానంలో మరొకటి చేరుతూ మంద సంఖ్య ఎన్నటికీ తగ్గకుండా ఉండాలన్నది దాని తాత్పర్యం. సింహాచలంలో 11వ శతాబ్ది చివర మొదలై కొన్ని శతాబ్దాల పాటు సాగిన శాసన పరంపరలో, శ్రీభండారంలో గండమాడలు చెల్లించి దీపాలు, నైవేద్యాలు, నిబంధాలు ఏర్పాటు చేసిన దాతలు ఎందరో కనిపిస్తారు. తమకోసమే కాక, తల్లిదండ్రుల పుణ్యం కోసం దీపం పెట్టించినవారూ వారిలో ఉన్నారు.

విశ్వవిద్యాలయ స్మారక పతకం నిర్మాణం దీనికి ఎంత దగ్గరగా ఉందో పోల్చి చూస్తే తెలుస్తుంది. తండ్రి పేరనో, గురువు పేరనో, అకాలంలో పోయిన బిడ్డ పేరనో ఒక కుటుంబం కొంత మొత్తాన్ని విశ్వవిద్యాలయానికి అప్పగిస్తుంది. ఆ మొత్తం శాశ్వతనిధిగా ఉంటుంది, దాని వడ్డీతో ఏటా పతకం తయారవుతుంది. ఏ పరీక్షలో, ఏ విషయంలో, ఎవరికి ఇవ్వాలన్నది దానపత్రం నిర్ణయిస్తుంది. శ్రీభండారం స్థానంలో విశ్వవిద్యాలయ కోశాగారం, దీపం స్థానంలో పతకం, ఆచంద్రార్కమన్న మాట స్థానంలో శాశ్వతమన్న మాట వచ్చి చేరాయి. పతక వ్యవస్థ రూపంలో పాశ్చాత్యమైనదే. కేంబ్రిడ్జిలో ఛాన్సలర్ పేర పతకాలు 18వ శతాబ్ది మధ్యకాలం నుండి ఉన్నాయి. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయ నమూనాను అనుసరించింది. అయితే తెలుగు కుటుంబాలు ఆ వ్యవస్థను సులువుగా తమదిగా చేసుకోవడానికి, మూలం చెదరకుండా ఫలాన్ని దానం చేసే ఈ పాత అలవాటు దోహదం చేసిందని భావించడం సమంజసం.

దానంలో ఒక మార్పు మాత్రం మౌలికమైనది. దీపం ఎవరి ముందు వెలగాలో దాతకు ముందే తెలుసు. పతకం ఎవరికి చేరుతుందో దాతకు తెలియదు. దానం మొదటిసారిగా అపరిచితుడి ప్రతిభ మీద నమ్మకంగా మారింది.

మద్రాసు పరీక్షలు, విశాఖ విద్యార్థులు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు పూర్వం ఉత్తర సర్కారుల విద్యార్థి పతకం కోసం మద్రాసు వైపు చూడవలసి వచ్చేది. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో తండ్రి అధ్యాపకుడుగా ఉండగా అక్కడే చదివి, ఆపై మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లిన చంద్రశేఖర వెంకటరామన్ 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథముడై భౌతికశాస్త్రంలో, ఆంగ్లంలో స్వర్ణపతకాలు పొందాడు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తొలి గుర్తింపు మాత్రం పదహారేళ్ల ప్రాయంలో ఒక విశ్వవిద్యాలయం ఇచ్చినదే.

బహుమతి ఒక సాహిత్య ప్రస్థానానికి కారణమైన సందర్భం కూడా ఆ మద్రాసులోనే ఉంది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోని ఆంధ్రభాషాభిరంజని సమాజం 1899లో కావ్యరచన పోటీ నిర్వహించింది. అప్పటికి విద్యార్థిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువు కథను తీసుకొని ‘ముసలమ్మ మరణం’ రచించి బహుమతి గెలిచాడు. ఊరి కోసం చెరువుకు ఆత్మార్పణ చేసుకొన్న ఇల్లాలి కథ అది. 1900లో అచ్చయిన ఆ కావ్యం ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో తొలి మైలురాళ్లలో ఒకటిగా లెక్కకు వచ్చింది. ఆ విద్యార్థే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయ్యాడు. కళాశాల బహుమతి ఏమి చేయగలదో స్వానుభవంతో తెలిసిన వ్యక్తి చేతుల మీదుగా ఆ సంస్థ గౌరవ సంప్రదాయం రూపుదిద్దుకోవడం విశేషం.

ప్రభుత్వ పతకాలు: స్వీకారం, నిరాకరణ

విశ్వవిద్యాలయ గౌరవానికి విలువ ఏర్పడిన తీరును అర్థం చేసుకోవాలంటే, అదే కాలంలో ప్రభుత్వం ఇచ్చిన పతకాల స్థితిని కూడా చూడాలి. రావు సాహెబ్, రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్ బిరుదులు, కైజర్-ఇ-హింద్ పతకం సేవకు గుర్తింపులుగా వచ్చినా, పాలకుల పట్ల విధేయతకు గుర్తులుగా కూడా జనం వాటిని చూశారు. జలియన్‌వాలా బాగ్ దురంతం తర్వాత 1919లో రవీంద్రనాథ ఠాగూరు సర్ బిరుదాన్ని వదులుకొన్నాడు. 1920లో సహాయ నిరాకరణ ఆరంభంలో గాంధీజీ తన కైజర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి ఇచ్చివేశాడు. పతకాన్ని స్వీకరించడం వలెనే తిరిగి ఇవ్వడం కూడా ఒక వాక్యమని దేశం అప్పుడు గ్రహించింది.

రామలింగారెడ్డి జీవితం ఈ ద్వంద్వానికి ఉదాహరణ. ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో ఉపకులపతి పదవిని విడిచిపెట్టిన ఆయనే, 1936లో తిరిగి ఆ పదవి స్వీకరించి 1949 వరకు కొనసాగాడు. 1942లో సర్ బిరుదం పొందాడు. ఆ నడుమ 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నాడు. రాజ్యం ఇచ్చే గౌరవంతో రాజీ, పేచీ రెండూ అనుభవించిన ఆ తరానికి, పాలకుల చేతి మీదుగా రాని గౌరవం ఒకటి కావలసి వచ్చింది. భాషా ప్రాంతం తనకు తానుగా స్థాపించుకొన్న విద్యాపీఠమే అటువంటి గౌరవాన్ని ఇవ్వగలిగేది.

విశ్వకళాపరిషత్తు: ముద్ర, మాట

మొదట బెజవాడలో పని ప్రారంభించిన విశ్వకళాపరిషత్తు 1930లో విశాఖపట్నానికి చేరింది. అది నిలదొక్కుకోవడానికి జయపురం సంస్థానం ఆదరువుగా నిలిచింది. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఆ సంస్థానం అధిపతి విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడు. ఆయన పేర వెలసిన విజ్ఞానశాస్త్ర, సాంకేతిక కళాశాల స్మారకాల్లో పెద్దది. పతకం మీద అంగుళమంత చోటులో చెక్కే పేరును అక్కడ భవనం ముఖద్వారం మీద చెక్కారని అనుకోవచ్చు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం అందులో చేరిన తర్వాత కూడా ఆ పేరు విశాఖలో నిలిచింది. పాలనా సరిహద్దు మారినా దానస్మృతి మారలేదు.

రామలింగారెడ్డి నిర్దేశంలో కౌతా రామమోహనశాస్త్రి రూపొందించిన విశ్వవిద్యాలయ ముద్ర కూడా ఈ సందర్భంలో గమనార్హం. ఉదయసూర్యుడు విశ్వవిద్యాలయానికి, అతని కిరణాలు వివిధ విద్యాశాఖలకు, పద్మం లక్ష్మీ సరస్వతుల పీఠానికి, స్వస్తిక శుభానికి, రెండు సర్పాలు జ్ఞానాన్ని అన్వేషించేవారికి, కాపాడేవారికి సంకేతాలు. ధ్యేయవాక్యం ఉపనిషత్తులోని శాంతిమంత్రం నుండి వచ్చింది. గురుశిష్యులిద్దరి అధ్యయనమూ తేజోవంతం కావాలన్నది దాని భావం. రాజు తలకట్టు గానీ, కిరీటం గానీ అందులో లేకపోవడం వలస పాలన కాలపు సంస్థకు చిన్న విషయం కాదు.

ఇంతకంటె ముఖ్యమైన సృష్టి ఒక మాట. పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు పరీక్ష లేకుండా ఇచ్చే గౌరవ డాక్టరేటుకు సమానంగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘కళాప్రపూర్ణ’ అనే బిరుదాన్ని ఏర్పరచింది. సంస్థ తెలుగు పేరులోని ‘కళ’ అనే పదమే ఇందులోనూ ఉంది. విశ్వకళలకు పరిషత్తు అయిన సంస్థ, కళల్లో పరిపూర్ణత పొందినవారిని గుర్తిస్తుందన్న అన్వయం ఆ పేరులోనే ఇమిడి ఉంది. లాటిన్ మాటకు అనువాదం కాని, సంస్థ పేరు నుండే పుట్టిన ఈ బిరుదం అనతికాలంలోనే వ్యక్తుల పేర్లకు ముందు ఇంటిపేరంత సహజంగా చేరిపోయింది.

కళాప్రపూర్ణ: పరీక్షకు అందని విద్య

స్వర్ణపతకం పరీక్షలో ముందు నిలిచినవారిది. కళాప్రపూర్ణ పరీక్ష కొలవలేనివారిది. ఈ రెండూ ఒకే స్నాతకోత్సవ సంప్రదాయానికి చెందిన రెండు భుజాలు. రెండవదాని అర్థం దాన్ని పొందినవారి జీవితాల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

గిడుగు వెంకట రామమూర్తి విషయం ఇందులో అత్యంత ఆలోచనీయం. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చి, ఆ భాషలో పాఠ్యపుస్తకాలు తయారు చేశాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ ధనంతో సవరలకు బడి పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించమని కోరాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. రావు సాహెబ్ బిరుదం, కైజర్-ఇ-హింద్ పతకం ఆయనకు ప్రభుత్వం నుండి వచ్చాయి. విశ్వవిద్యాలయంతో మాత్రం ఆయనకు సుదీర్ఘమైన వివాదం ఉంది. పాఠ్యగ్రంథాల్లో, పరీక్షల్లో వాడుకభాషకు స్థానం కల్పించాలని ఆయన చేసిన వాదం 1910 దశకంలో మద్రాసు విశ్వవిద్యాలయం ముందు ఓడిపోయింది. 1911లో జయంతి రామయ్య పంతులు పూనికతో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షాన నిలిచింది. రామమూర్తి 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపి తన వాదాన్ని ప్రజల ముందుకు తీసుకువెళ్లాడు.

అటువంటి వ్యక్తికి 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదం ఇచ్చింది. సవర–ఆంగ్ల నిఘంటువు వెలువడిన సంవత్సరమూ అదే. 1940 జనవరిలో ఆయన మరణించాడు. ఒక విశ్వవిద్యాలయం కాదన్న వాదాన్ని మోసిన మనిషిని మరొక విశ్వవిద్యాలయం గౌరవించడానికి పాతికేళ్లు పట్టింది. ఆ గౌరవం వాదాన్ని అంగీకరించడం కాదు. తెలుగు విద్యావ్యవస్థలో వాడుకభాషకు పూర్తి ప్రవేశం రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు గడిచాయి. అయినా మనిషిని గౌరవించిన సంస్థ అతని మాటను ఎల్లకాలం దూరంగా ఉంచలేదు. బిరుదం ఇక్కడ తీర్పు కాదు, భవిష్యత్తు తీర్పుకు తెరిచిన తలుపు.

అదే 1938లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి, 1943లో చిలకమర్తి లక్ష్మీనరసింహానికి ఈ గౌరవం దక్కింది. అవధానాల ద్వారా సంస్థానాల్లో, పట్టణాల్లో పద్యాన్ని జనం నోట నిలిపిన వేంకటశాస్త్రి ఆంగ్ల విద్య పట్టా ఉన్నవాడు కాదు. 1950లో కళాప్రపూర్ణ పొందిన ద్వారం వేంకటస్వామి నాయుడు విషయం మరీ చిత్రమైంది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళితే, ఆయన వాదన విన్న ఆదిభట్ల నారాయణదాసు ఆయనను అక్కడే వాయులీన అధ్యాపకుడుగా నియమింపజేశాడు. చేరకుండానే గురువైన వ్యక్తికి పరీక్ష రాయకుండానే వచ్చిన పట్టా కళాప్రపూర్ణ. ఈ ఉదాహరణలను కలిపి చూస్తే, విశ్వవిద్యాలయం తన తరగతి గదుల బయట పెరిగిన విద్యకు తానే నమస్కరించిన సందర్భం ఈ బిరుదమని అవగతమవుతుంది.

ఆలస్యమైన గౌరవం

గుర్రం జాషువకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదం ఇచ్చింది 1970లో. అదే ఏడాది పద్మభూషణ్ వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు లభించింది. 1971 జూలై 24న ఆయన మరణించాడు. 1895లో వినుకొండలో పుట్టి, కులం కారణంగా బడిలో, సభలో, భోజనపంక్తిలో అవమానాలు ఎదుర్కొన్న కవికి విశ్వవిద్యాలయ గౌరవం జీవితం చివరి అంచున అందింది. అంతకు చాలాముందే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన పాదానికి గండపెండేరం తొడిగిన ఘటన సాహిత్యలోకంలో ప్రసిద్ధం. సంప్రదాయ చిహ్నాన్ని ఒక పండితుడు తన ఇష్టంతో ముందుగా ఇవ్వగలిగాడు. సంస్థ తన నియమాలతో, సంఘాలతో, తీర్మానాలతో అక్కడికి చేరుకోవడానికి మరింత కాలం పట్టింది.

ఇక్కడ ఒక చారిత్రక ప్రశ్న ఎదురవుతుంది. గౌరవం వచ్చిన తేదీని మాత్రమే నమోదు చేస్తే సంస్థ ఔదార్యం కనిపిస్తుంది. గౌరవానికీ కృషికీ నడుమ ఉన్న దూరాన్ని నమోదు చేస్తే సమాజ స్వభావం కనిపిస్తుంది. గిడుగు వారి విషయంలో ఆ దూరం భాషా వివాదానిది, జాషువ విషయంలో అది కుల వ్యవస్థది. గౌరవ బిరుదుల జాబితా చరిత్రకు ఆధారం కావాలంటే, ఎవరికి ఎప్పుడు ఇచ్చారన్నదానితో పాటు ఎంత ఆలస్యంగా ఇచ్చారన్నది కూడా చదవగలగాలి. స్నాతకోత్సవ వేదిక నిశ్శబ్దంగా దాటవేసిన కాలమే ఆ జాబితాలోని అసలు కథ.

చోడవరం నుండి చూసినప్పుడు

విశ్వవిద్యాలయ వారసత్వమంటే ప్రాంగణంలో ఉన్నదే అనుకోవడం పరిపాటి. పతకం ఈ అభిప్రాయాన్ని సవరిస్తుంది. విశ్వవిద్యాలయ భవనం విశాఖలోనే ఉంటుంది, పతకం మాత్రం ఊరికి వెళుతుంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం దీనికి తగిన ఉదాహరణ. బ్రిటిష్ పాలనలో వీరవల్లి తాలూకాకు ముఖ్యస్థానమైన ఈ పట్టణం, మైదానానికీ మాడుగుల మీదుగా సాగే మన్యానికీ నడుమ ఉంది. చెరకు ఇక్కడి ప్రధాన పంట. గోవాడలోని సహకార చక్కెర కర్మాగారం చుట్టుపక్కల రైతు కుటుంబాల ఆర్థిక జీవితానికి కేంద్రమైంది. ఆ కుటుంబాల పిల్లలు చదివే ఇటువంటి పట్టణాల కళాశాలలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అనుబంధాలు. విశ్వవిద్యాలయ వార్షిక పరీక్షల్లో నగర విద్యార్థితో పాటు వారూ ఒకే జాబితాలో నిలబడతారు.

అటువంటి ఇంట్లో పట్టా గోడ మీద కాగితమై ఉంటుంది. పతకం మాత్రం చేతిలోకి తీసుకొని చూసే వస్తువు. చదువు రాని అవ్వ కూడా తాకి చూడగల విద్య అది. దాని మీద చెక్కిన స్మారకుడి పేరు ఆ ఇంటికి అపరిచితమే. ఆయన ఎవరో చెప్పగలిగే పత్రం పతకంతో పాటు వెళ్లనప్పుడు, దాత ఆశించిన స్మరణ విశాఖ దాటకముందే ఆగిపోతుంది. మరోవైపు, ఏ ఊరి నుండి ఏ విద్యార్థి దాన్ని గెలిచాడన్న వివరం ఊరి చరిత్రలో చేరనప్పుడు ఆ విజయం కుటుంబం వరకే మిగిలిపోతుంది.

ఈ ప్రాంతమే మరొక రకమైన స్మారకాన్ని కూడా చూసింది. చోడవరం సమీపంలోని లక్కవరంలో 1895లో పుట్టిన తెన్నేటి విశ్వనాథం స్వాతంత్ర్య సమరంలో, ప్రకాశం పంతులు ఆంధ్ర మంత్రివర్గంలో, విశాఖ ఉక్కు ఉద్యమంలో ప్రముఖ పాత్ర వహించాడు. 1967లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2004లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. విశాఖ సాగరతీరంలో ఒక ఉద్యానవనం ఆయన పేర ఉంది. తపాలా బిళ్ల లక్షల చేతులు మారుతుంది, ఉద్యానవనంలో ఎవరైనా నడవవచ్చు. పతకం ఏటా ఒక్కరికే దక్కుతుంది. కాని ఆ ఒక్కరు దాన్ని జీవితాంతం దాచుకొంటారు. స్మృతి విస్తరించే మార్గం ఒకటి, లోతుగా నాటుకొనే మార్గం మరొకటి. విశ్వవిద్యాలయ పతకం రెండవ మార్గానిది.

బంగారం తరిగినప్పుడు

అఖండదీపానికి గొర్రెల మంద తరగరాదన్న నియమం ఉన్నట్లే పతకానికి మూలనిధి తరగరాదన్న నియమం ఉంది. అంకెల్లో మూలం తరగకపోయినా విలువలో తరగవచ్చు. ఒక ఊహాత్మక లెక్కతో దీన్ని చూడవచ్చు. విశ్వకళాపరిషత్తు ఏర్పడిన కాలంలో పది గ్రాముల బంగారం ధర ఇరవై రూపాయల లోపు. అప్పుడు వెయ్యి రూపాయల నిధిపై నూటికి 5 చొప్పున ఏటా వచ్చే 50 రూపాయల వడ్డీతో 25 గ్రాములకు మించిన స్వర్ణపతకం చేయించవచ్చు. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది. అదే వడ్డీకి నేడు వచ్చే బంగారం ఐదు మిల్లీగ్రాములు కూడా ఉండదు. నిధి అలాగే ఉంది, పతకం కనిపించకుండా పోయింది.

ఈ స్థితిలో పూత పతకం ఇవ్వడమో, నగదుగా మార్చడమో, పలు నిధులను కలపడమో సంస్థలకు మిగిలే దారులు. వీటిలో మొదటిది పేరును కాపాడుతుంది, లోహాన్ని వదులుతుంది. చివరిది లోహాన్ని కాపాడవచ్చు, పేర్లను కలిపేస్తుంది. స్మారక పతకం పరమార్థం పేరు గనుక మొదటి దారే దాత ఉద్దేశానికి దగ్గర. ఇత్తడి మీద చెక్కినా పేరు పేరే. దీపానికి కుందు బంగారమా కంచా అన్నది శాసనకర్తకు ముఖ్యం కాదు, ఆరకపోవడమే ముఖ్యం.

ఈ కారణంగా దానపత్రాల సంరక్షణ నేటి అత్యవసరం. ఒక పతకాన్ని ఎవరు, ఎవరి స్మృతిలో, ఏ సంవత్సరం, ఏ నియమంతో నెలకొల్పారో తెలిపే పత్రం ఆ పతకానికి శాసనం వంటిది. దానితో పాటు ఏటేటి గ్రహీత పేరు, చదివిన కళాశాల, స్వగ్రామం ఒకే పట్టికలో చేరితే, అది పతకాల జాబితాగా మిగలక ఉత్తరాంధ్ర విద్యావ్యాప్తికి చరిత్ర అవుతుంది. ఏ దశాబ్దంలో ఏ తాలూకాకు తొలి పతకం చేరింది, బాలికలు ఏ విషయంలో ముందుగా నిలిచారు, మన్యం అంచు గ్రామాలకు అది ఎప్పుడు వెళ్లింది అన్న ప్రశ్నలకు అటువంటి పట్టిక తప్ప మరొక ఆధారం దొరకదు.

ముగింపు

దేవుడి వక్షం మీది పతకం విద్యార్థి అరచేతిలోకి రావడానికి నాలుగు వందల ఏళ్ల పైబడిన ప్రయాణం పట్టింది. ఈ ప్రయాణంలో తెలుగు సమాజం దేవాలయం నుండి మూలం తరగని దాన పద్ధతిని, రాజసభ నుండి పండిత గౌరవాన్ని, పాశ్చాత్య విద్యాపీఠం నుండి పరీక్షా నియమాన్ని గ్రహించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాటిని కలిపి, పరీక్షలో నెగ్గిన యువతకు పతకాన్ని, పరీక్షకు అందని జీవితకృషికి కళాప్రపూర్ణను ఇచ్చింది. గిడుగు, జాషువ వంటివారి విషయంలో ఆ గౌరవం ఆలస్యంగా వచ్చిన తీరు కూడా సంస్థ వారసత్వంలో భాగమే, దాన్ని దాచడం చరిత్రకు న్యాయం కాదు.

విశ్వవిద్యాలయ శతాబ్ది సందర్భంలో కొత్త పతకాలు నెలకొల్పాలన్న ఆలోచన సహజం. అంతకంటె ముందు పాత పతకాల మీది పేర్లు ఎవరివో తెలుసుకోవడం, వాటి దానపత్రాలను, గ్రహీతల పట్టికలను పదిలపరచడం అవసరం. సింహాచలంలో దీపాలు పెట్టించినవారి పేర్లు దీపాలు కొండెక్కిన తర్వాత కూడా నేటికీ చదవగలుగుతున్నామంటే అవి రాతి మీద ఉండటమే కారణం. పతకం చోడవరంలో ఒక ఇంటి పెట్టెలో ఉండవచ్చు, దాని బంగారం పూతగా మారి ఉండవచ్చు. దాని చరిత్ర మాత్రం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఎవరైనా తెరిచి చదవగల పుటలో ఉండాలి.